ఓడిపోయే గురువు: డోజో పాఠం కంప్యూటర్ ఉద్యోగాల్లోకి వచ్చిన తీరు

జపాన్ కత్తిసాము బడుల్లో, అంటే డోజోల్లో, ఇద్దరు కలిసి చేసే సాధనకు ఒక కట్టుబాటు ఉంది. ఒకరు దాడి చేస్తారు, రెండోవారు దాన్ని తప్పించుకుని గెలుస్తారు. ఎవరు ఏ అడుగు ఎప్పుడు వేయాలో ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి ఇది పోటీ కాదు. దాడి చేసే పాత్ర పేరు ఉచిదాచి, గెలిచే పాత్ర పేరు షిదాచి. కొత్తగా చూసేవాళ్ళు గెలిచినాయనే గురువనుకుంటారు. అసలు సంగతి తిరగబడి ఉంటుంది. ఎంత దూరంలో నిలబడాలో, ఎంత వేగంతో మీదికి రావాలో, ఏ క్షణంలో సందు ఇవ్వాలో తెలిసినవాడు గురువే గనుక ఉచిదాచి పాత్ర ఆయనది. శిష్యుడికి తగినంత కష్టం పెట్టి, ఆ తర్వాత తానే ఓడిపోతాడు. 1912లో వేర్వేరు సంప్రదాయాల కత్తి గురువులు కూడి కెండో అనే ఆధునిక కత్తిసాము కోసం పది ఉమ్మడి కటాలు స్థిరపరిచారు. ఏడింటిలో ఇద్దరి చేతుల్లోనూ పొడవు కత్తులే, మిగిలిన మూడింటిలో షిదాచి చేతిలో పొట్టి కత్తి. పదింటిలోనూ ఓడేది ఉచిదాచే.

కటా అంటే ముందే కూర్చిపెట్టిన కదలికల వరస. ఆటల పేజీల్లో కరాటే వార్తలు చదివేవారికి ఈ మాట పరిచయమే. తెలుగులో దీనికి దగ్గరి మాట ఒరవడి. గురువు పలక మీద రాసిచ్చిన అక్షరం మీదే పిల్లవాడు బలపంతో దిద్దుతాడు. చెయ్యి తిరిగాక పక్కన సొంతంగా రాస్తాడు. సంగీతంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు చేసే పనీ ఇదే. ఒరవడి పెట్టిన గురువు పక్కనే కూర్చుని ఉంటాడన్నది ఇందులో ముఖ్యం. పాత బడుల్లో శిష్యులు తక్కువ కాబట్టి అది కుదిరింది. అక్కడ హోదాలు కూడా కొద్దిగానే ఉండేవి. కొన్నేళ్ళకు ఒక కాగితపు చుట్ట, మరికొన్నేళ్ళకు ఇంకో చుట్ట రాసి ఇచ్చేవారు. చివరిది అందుకున్నవాడికి బోధించే అధికారం దక్కేది. రంగు బెల్టులు అప్పటికి ఎవరి ఊహలోనూ లేవు.

ఈ వ్యవహారాన్ని ఆధునిక చదువుగా మలిచినవాడు జిగొరో కానో. 1860లో ఇప్పటి కోబే నగరంలో భాగమైన మికాగేలో పుట్టాడు. ఒంట్లో పెద్దగా బలం లేక తోటి విద్యార్థుల చేతిలో దెబ్బలు తిన్న కుర్రవాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో చదువుతూ ఫుకుదా హచినొసుకె అనే గురువు దగ్గర జుజుత్సు అనే కుస్తీ తరహా విద్య నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు కొత్త పట్టు చూపించినప్పుడు చెయ్యి ఎక్కడ ఉండాలి, కాలు ఎక్కడ పడాలి అని అడిగాడు. ఫుకుదా జవాబు చెప్పకుండా అతన్ని మళ్ళీ ఎత్తి పడేశాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ పడేశాడు. పడగా పడగా అదే తెలుస్తుందన్నది ఆయన సిద్ధాంతం. ఈ ముచ్చట కానో పెద్దయ్యాక తానే చెప్పుకున్నాడు. గురువు మీద గౌరవం తగ్గించుకోలేదు గానీ, తన దగ్గరికి వచ్చినవాళ్ళకు అదే జవాబు ఇవ్వకూడదని మాత్రం నిశ్చయించుకున్నట్టు ఆయన తర్వాతి పని చూస్తే తెలుస్తుంది.

1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో కానో కొడోకన్ ప్రారంభించాడు. మొదటి ఏడాది చేరినవాళ్ళు తొమ్మిది మంది. తాను నేర్పే విద్యకు జూడో అని పేరు పెట్టాడు. ఒక పడవేతను మూడు దశలుగా విడగొట్టాడు: ముందు ఎదుటివాడి తూకం చెదరగొట్టడం, తర్వాత తన ఒంటిని సరైన చోటికి చేర్చడం, ఆఖరున పడవేయడం. ఇన్నేళ్ళూ ఒక్క ఊపులో జరిగిపోయిన పనిలో ఎక్కడ తప్పిందో ఇప్పుడు వేలు పెట్టి చూపించవచ్చు. శిష్యుడికి “మళ్ళీ చెయ్యి” అని కాక “రెండో దశలో నడుము దూరంగా ఉండిపోయింది” అని చెప్పవచ్చు. బోధనలో ఇది చిన్న మార్పు కాదు.

కానో వృత్తి రీత్యా పంతులు. కొడోకన్ పెట్టిన ఏడాదే ఒక విద్యాలయంలో ఉపాధ్యాయుడిగా చేరాడు; ఆ తర్వాత ఉపాధ్యాయులను తయారుచేసే టోక్యో ఉన్నత నార్మల్ స్కూలుకు ఇరవై ఏళ్ళకు పైగా అధిపతిగా పనిచేశాడు. అందుకే ఆయన జూడోలో నాలుగు పాఠ పద్ధతులు కనిపిస్తాయి. కటా ఒకటి. ఒరవడి లేకుండా ఇద్దరూ ఎవరికి తోచినట్టు వారు పట్టుకునే రాండోరి రెండోది. ఉపన్యాసం మూడోది, ప్రశ్నోత్తరాలు నాలుగోది. వీటన్నిటికంటే ముందు నేర్పేది పడడం. తల నేలకు తగలకుండా, చేత్తో చాపను చరిచి దెబ్బను పంచుకునే ఆ విద్యను ఉకెమి అంటారు. పడడం వచ్చినవాడికి పడతానన్న భయం ఉండదు, భయం లేనివాడే కొత్త పట్టు ప్రయత్నిస్తాడు. జూడో బడిలో మొదటి రోజుల పాఠం ఇదే కావడానికి కారణం దయ కాదు, లెక్క.

మొదట్లో కానో కటాను విడిగా నేర్పలేదు. రాండోరి మధ్యలో ఆపి, వ్యాసం రాయిస్తూ వ్యాకరణం చెప్పినట్టు, అక్కడికక్కడే సరిదిద్దేవాడు. శిష్యులు పెరిగారు. ఒక్కొక్కరి దగ్గర ఆగే తీరిక పోయింది. అప్పుడే పడవేతల కటా వంటివి విడి పాఠాలుగా రూపుదిద్దుకున్నాయి. హోదాల కథ కూడా ఇలాంటిదే. 1883లో ఇద్దరు శిష్యులకు కానో మొదటి దాన్ హోదా ఇచ్చాడు. మెట్ల వరస ఆలోచన గో అనే బల్లాట ఆటగాళ్ళ హోదాల నుంచి వచ్చింది. 1880లలోనే దాన్ అందుకున్నవాళ్ళు నల్ల పట్టీ కట్టుకోవడం మొదలైంది. గది నిండా మనుషులున్నప్పుడు ఎవరితో ఎంత జోరుగా తలపడాలో దూరం నుంచే తెలియడానికి అది పనికొచ్చేది. ఈ చరిత్ర పొడుగునా ఇదే జరుగుతుంది. నేర్చుకునేవాళ్ళ సంఖ్య పెరిగినప్పుడల్లా బోధనలో కొంత భాగం గురువు ఒంట్లోంచి విడివడి కటాగా, మెట్టుగా, గుర్తుగా మారుతుంది. అలా మారగలిగిన భాగమే తేలికగా దేశాలు దాటుతుంది.

ఒకినావా దీవిలో కరాటేకు జరిగింది మరీ స్పష్టం. గిచిన్ ఫునకోషి చిన్నతనంలో అజాతో అంకో అనే గురువు ఇంటి పెరట్లో రాత్రిళ్ళు ఒకే కటాను నెలల తరబడి చేసేవాడు. గురువు కూర్చుని చూస్తూ, చాలదనే దాకా చేయించేవాడు. ఒక గురువు, ఒక శిష్యుడు, ఒక పెరడు. 1901లో ఇతొసు అంకో అనే మరో గురువు కరాటేను షురి పట్టణంలోని ప్రాథమిక పాఠశాలకు తెచ్చాడు. పిల్లల కోసం పొడవైన పాత కటాలను తేలిక చేసి ఐదు పినాన్ కటాలు కూర్చాడు. వరసల్లో నిలబెట్టి, అంకెలు లెక్కబెడుతూ, అందరి చేతా ఒకేసారి చేయించే పద్ధతి అక్కడి నుంచి బలపడింది. లాభం పెద్దదే, పెరటి గోడ దాటకపోతే కరాటే ప్రపంచానికి తెలిసేదే కాదు. నష్టం ఏమిటంటే, ఏ కదలిక ఏ దెబ్బకు జవాబో చెప్పే విడమరుపు వరసల్లో వెనకబడింది. ఫునకోషి 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించాడు. కానో ఆహ్వానం మీద కొడోకన్‌లోనూ చేసి చూపించాడు. 1924లో తన శిష్యులకు దాన్ హోదాలు ఇచ్చాడు. జూడో మెట్లు అలా కరాటేలోకి వచ్చాయి.

తెల్ల పట్టీకీ నల్ల పట్టీకీ మధ్య ఇన్ని రంగులు యూరప్‌లో వాడుకైనవి. 1930లలో పారిస్ చేరిన మికినొసుకె కవాయిషి ఫ్రెంచ్ శిష్యులకు ఓపిక నిలవాలని పసుపు, నారింజ, ఆకుపచ్చ మెట్లు పెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత ఆ రంగులు కార్ఖానాల్లోకీ పాకాయి. మోటొరోలాలో 1980లలో పుట్టిన సిక్స్ సిగ్మా నాణ్యతా పద్ధతిలో గ్రీన్ బెల్ట్, బ్లాక్ బెల్ట్ అనే హోదాలు వచ్చాయి. 1995లో జనరల్ ఎలక్ట్రిక్ దాన్ని తలకెత్తుకున్నాక ఆ పేర్లు ఉద్యోగ దరఖాస్తుల్లో మామూలైపోయాయి. చాప మీద ఒక్కసారీ పడని బ్లాక్ బెల్టులు అలా తయారయ్యారు.

సాఫ్ట్‌వేర్ రంగం డోజో వైపు చూసింది మరో దారిన. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట పదిహేడు మంది ప్రోగ్రామర్లు సమావేశమై సాఫ్ట్‌వేర్ తయారీ తీరు మీద అజైల్ ప్రకటన రాశారు. ఈ కథలో కనిపించే అలిస్టర్ కాక్‌బర్న్, డేవ్ థామస్, కెంట్ బెక్, రాబర్ట్ మార్టిన్ నలుగురూ ఆ పదిహేడు మందిలోవారే. కాక్‌బర్న్ తన అజైల్ పుస్తకంలో షుహరి అనే జపాన్ మాటను పరిచయం చేశాడు. మూడు అక్షరాల ఆ మాటలో మొదటిది పాటించడం, రెండోది భంగపరచడం, మూడోది విడిచిపోవడం. టీ కాచి ఇచ్చే సంప్రదాయంలో 18వ శతాబ్దపు గురువు కవకమి ఫుహకు ఈ మూడు దశల గురించి రాశాడు. కాక్‌బర్న్ దాకా అది ఐకిడో వంటి సాముల ద్వారా చేరింది. ఒరవడి దిద్దేవాడికీ, ఒరవడి మార్చేవాడికీ, ఒరవడి ఊసే లేకుండా రాసేవాడికీ ఒకే పాఠం పనికిరాదన్నది ఇందులోని సారం. ఉద్యోగంలో చేరిన మొదటి నెల కుర్రవాడికి సీనియర్ “సందర్భాన్ని బట్టి ఉంటుంది” అని జవాబిస్తే అది నిజమే అయినా పాఠం కాదు. అతనికి ముందు ఒక దారి కావాలి.

ఈ మాట దుర్వినియోగమూ అయింది. మొదటి దశలో ఉన్నవాడు ప్రశ్నించకూడదని చెప్పడానికి షుహరిని వాడుకున్న మేనేజర్లకు, ప్రశ్నోత్తరాలు కూడా జూడో పాఠమేనని కానో పెట్టిన నియమం తెలిసినట్టు లేదు.

డేవ్ థామస్ వచ్చిన దారి ఇంకా సాదా. కొడుకును కరాటే క్లాసుకు తీసుకెళ్ళి ఎదురుచూస్తూ, చిన్న ప్రోగ్రాం ఒకటి ఊరికే రాసి చూసుకున్నాడు. అక్కడ పిల్లలు కటా చేస్తున్నారు. తాను చేసిందీ అదేనని తోచింది. అలా 2000ల తొలినాళ్ళలో కోడ్ కటాలు పుట్టాయి. మొత్తం ఇరవై ఒకటి. మొదటిదాంట్లో కోడ్ రాయడమే ఉండదు; సూపర్‌మార్కెట్ ధరలను, మూడు కొంటే ఇంత అనే బేరాలతో సహా, ఎలా లెక్కగట్టాలో ఆలోచించాలి. రెండోది వరసలో ఉన్న జాబితాను సగానికి సగం నరుకుతూ కావలసిన అంకెను వెతికే పని. ఒకసారి రాస్తే చాలదు. ఐదు వేర్వేరు పద్ధతుల్లో ఐదు సార్లు రాయాలి. జీతం వచ్చే పనిలో ఇలాంటి వీలుండదు. పని నడిచిందా, తర్వాతిది పట్టు అన్నట్టే ఉంటుంది. కళాకారులు కచేరీ ముందు సాధన చేస్తారు, ప్రోగ్రామర్లు కచేరీలోనే సాధన చేస్తున్నారన్నది థామస్ అభ్యంతరం.

కటా ఒంటరిగానూ చేసుకోవచ్చు. దాన్ని నలుగురి మధ్యకు తెచ్చింది పారిస్. లారాన్ బొసావి, ఎమాన్యుయేల్ గయార్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు 2004-05 నాటికి అక్కడ కోడింగ్ డోజో నడపడం మొదలుపెట్టారు. ఒక గది, ఒక కంప్యూటర్, ఒక ప్రాజెక్టర్. రెండు రకాల కూటాలు. కటా కూటంలో ముందే సిద్ధమై వచ్చినవాళ్ళు ఖాళీ తెర నుంచి మొదలుపెట్టి అందరి ఎదుటా రాసి చూపిస్తారు. చూసేవాళ్ళకు అర్థం కాకపోతే ఆపి అడగవచ్చు. రాండోరిలో ఇద్దరు కీబోర్డు దగ్గర కూర్చుంటారు. కొద్ది నిమిషాలకోసారి గంట కొడితే ఒకరు లేచి, గుంపులోంచి ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. పదిహేనేళ్ళ అనుభవజ్ఞుడైనా, నిన్న చేరిన అమ్మాయైనా వంతు వంతే. కంపెనీలో తప్పు దొరుకుతుందేమోనని దాక్కునే సీనియర్ ఇక్కడ అందరి ముందూ ఒక కామా మరిచిపోయి దొరికిపోతాడు. జూనియర్లకు దక్కే పాఠాల్లో ఇంతకంటే ధైర్యమిచ్చేది అరుదు.

2009లో అమెరికాలో మొదలైన కోడ్ రిట్రీట్‌లో ఇంకో అడుగు పడింది. జాన్ కాన్వే రూపొందించిన గేమ్ ఆఫ్ లైఫ్ అనే గళ్ళ లెక్కను నలభై ఐదు నిమిషాలు ఇద్దరిద్దరుగా రాస్తారు. సమయం అవగానే రాసిందంతా చెరిపేస్తారు. జత మార్చుకుని మళ్ళీ మొదటి నుంచి. రోజంతా అంతే. కొత్తగా వచ్చినవాళ్ళకు ప్రాణం ఉసూరుమంటుంది. చాప మీద వేసిన పట్టును ఎవరూ ఇంటికి తీసుకుపోరన్నది గుర్తొస్తే ఉసూరు తగ్గుతుంది.

ఉచిదాచికి అన్నిటికంటే దగ్గరగా వచ్చిన పద్ధతి మాత్రం డోజో పేరు పెట్టుకోలేదు. కెంట్ బెక్ 1990లలో రూపొందించిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో ఇద్దరు ఒకే యంత్రం దగ్గర కూర్చుని పనిచేస్తారు. ఆ జంట పనిలో పింగ్‌పాంగ్ అనే ఒరవడి ఒకటి వాడుకలోకి వచ్చింది. మొదటివారు కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్ట్ ఒకటి రాస్తారు. దానికి తగిన కోడ్ ఇంకా లేదు కాబట్టి అది విఫలమవుతుంది. రెండోవారు దాన్ని నెగ్గించేంత కోడ్ మాత్రమే రాస్తారు. ఆ తర్వాత పాత్రలు మారవచ్చు. నేర్పడం కోసమైతే సీనియర్ టెస్ట్ వైపే ఎక్కువసేపు ఉంటాడు. మరీ కష్టమైన టెస్ట్ రాస్తే జూనియర్ చేతులెత్తేస్తాడు, మరీ తేలికైతే నేర్చుకునేదేమీ ఉండదు. ఎంత దూరంలో నిలబడి ఎంత వేగంతో మీదికి రావాలన్న ఉచిదాచి లెక్కే ఇది. కీబోర్డు లాక్కుని అరనిమిషంలో ముగించేసే సీనియర్ షిదాచి పాత్ర తీసుకున్న గురువు. గెలుపు ఆయనకు, మర్నాడు అదే ప్రశ్న కుర్రవాడికి.

పడడం నేర్పే పాఠం ఇంకా ఆలస్యంగా వచ్చింది. 2012లో ఎట్సీ సంస్థలో పనిచేసే జాన్ ఆల్‌స్పా, సర్వర్లు కూలినప్పుడు జరిపే విచారణలో ఎవరి మీదా నింద మోపకూడదన్న పద్ధతిని వివరంగా రాశాడు. పొరపాటు చేసినవాడికే దాని లోపలి సంగతి ఎక్కువ తెలుసు; శిక్ష భయం ఉంటే అతను నోరు విప్పడు. గూగుల్ ఇంజినీర్లు 2016లో ప్రచురించిన పుస్తకంలో కొత్తవాళ్ళకు పెట్టే ఒక ఆట వర్ణన ఉంది: గతంలో నిజంగా జరిగిన వైఫల్యాన్ని ఎంచుకుని, ఒకరు దాన్ని మళ్ళీ నడిపిస్తుంటే కొత్త ఉద్యోగి ఏం చేస్తానో అందరి ముందూ చెప్పాలి. సర్వర్ ఏదీ నిజంగా కూలదు. ఉకెమి, రాండోరి రెండూ కలిసిన పాఠం అనవచ్చు.

అయితే ఊపు అందుకున్నవి రంగులే. సిస్కోలో భద్రతా శిక్షణకు సెక్యూరిటీ నింజా అని పేరు పెట్టి తెలుపు నుంచి నలుపు దాకా బెల్టులు ఇచ్చారు. కోడ్‌వార్స్ అనే సాధన వేదికలో కొత్తవాళ్ళు క్యు అనే కింది మెట్లలో ఎనిమిదోదాని దగ్గర మొదలై దాన్ దాకా ఎక్కుతారు. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జేమ్స్ వెల్టన్, బిల్ లియావ్ పిల్లల కోసం పెట్టిన కోడర్ డోజో ఈ గుంపులో కాస్త వేరు. అక్కడి పిల్లలు చిక్కుపడితే ముందు పక్కవాళ్ళను అడగాలి, పెద్దల దగ్గరికి ఆ తర్వాతే రావాలి. అంటే నిన్న నేర్చుకున్నవాడు ఇవాళ నేర్పుతాడు.

డోజోను ఆరాధించడానికీ హద్దుంది. అక్కడ పెద్దల మాటకు ఎదురు చెప్పే వీలు లేకపోవడం ఎంత దూరం పోతుందో 2013లో జపానే చూసింది. మహిళా జూడో జట్టులో 15 మంది తమను కొట్టారని, అవమానించారని చేసిన ఫిర్యాదు బయటికి వచ్చి ప్రధాన కోచ్ రాజీనామా చేశాడు. పడడం నేర్పడానికీ పడేసి ఆనందించడానికీ మధ్య గీత అంత సన్నం. సాఫ్ట్‌వేర్‌వాళ్ళు డోజో నుంచి తెచ్చుకోకూడనివి కూడా ఉన్నాయి.

హైదరాబాద్‌కు ఈ చరిత్రలో చోటు ఇతొసు పాఠశాల పక్కన. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన కాలం నుంచి వేల మంది తెలుగు యువత అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో వరసల్లో కూర్చుని, నోట్సు దిద్దుకుని ఉద్యోగాల్లోకి, అమెరికాకు వెళ్ళారు. వరసల చదువును చిన్నచూపు చూడనక్కరలేదు. గ్రామాల నుంచి వచ్చినవాళ్ళకు తలుపు తెరిచింది అదే. ఉద్యోగంలో చేరాక ఉండాల్సిన పెరడే కరువు. రాబర్ట్ మార్టిన్ అంచనా ప్రకారం ప్రపంచంలో ప్రోగ్రామర్ల సంఖ్య ఐదేళ్ళకోసారి రెట్టింపవుతోంది. అది నిజానికి దగ్గరగా ఉన్నా, ఏ రోజున చూసినా సగం మందికి ఐదేళ్ళ అనుభవం ఉండదు. ప్రతి ఉచిదాచికీ ఒక షిదాచి ఎదురుగా నిలబడే ఉన్నాడు. బెల్టులు పంచడానికి కంపెనీలు బడ్జెట్ కేటాయిస్తున్నాయి. సీనియర్ ఓడిపోవడానికి కావలసిన రోజుకో గంటను మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల పని కింద లెక్క కట్టడం లేదు.